పొద్దుగూకే దాకా గడువు

నేను ఓడిపోయిన వాదనలు చాలా తక్కువ. గొప్పకు చెప్పడం లేదు. మా ఇంట్లో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు, కాకపోతే వాళ్ళు దాన్ని ఫిర్యాదులా చెబుతారు. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మా చేను గట్టు మీద నాతో వాదించి వాదించి విసిగిపోయి మా నాన్న ఒకరోజు, "దీన్ని లా చదివించాల. ఆ నోరు ఊరికే పోతా ఉండాది" అన్నాడు. అన్నట్టే చదివించాడు. పాతికేళ్ళుగా కావలి కోర్టులో ఆ నోటి మీదే బతుకుతున్నాను.

కిందటి చలికాలం, ఇక్కడికి చాలా దూరంలో ఒక ఊళ్ళో, కిటికీ పక్కన నిలబడి ఫోనులో నలభై నిమిషాలు వాదించాను. గెలిచాను కూడా. ఆ నలభై నిమిషాలు నాకు తిరిగి ఇప్పించమని ఏ కోర్టులో వేయాలో ఇప్పటికీ తెలియడం లేదు.

ఫోనుకు అవతల ఉన్నావిడను నేను అక్కా అని పిలిచేదాన్ని. నిజానికి వయసులో నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఎండకు ఆరిన ఆ మొహం చూసి మొదటిరోజు అక్కా అన్నాను, ఆ తర్వాత దిద్దుకోవాలనిపించలేదు. జువ్వలదిన్నె రేవు దాటాక వచ్చే ఊళ్ళలో ఒకటి ఆమెది. ఊరి పేరు రాయను. ఆ ఊరితో నా తగువు అయిపోయింది, కొత్తది పెట్టుకునే ఓపిక లేదు. చేపలు ఎండబెట్టి గంపకెత్తుకుని కావలి వీధుల్లో అమ్మేది. భర్త వేటకు పోయి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక రేకుల ఇల్లు, ఊరి ఆడవాళ్ళందరితో కలిసి చేపలు ఎండబోసుకునే ఇసుక మేటలో ఒక మూల.

ఆ ఇసుక మేటనే ఊరి పెద్దలు రొయ్యల చెరువుల వాళ్ళకు పైపులు వేసుకోవడానికి ఇచ్చేశారు. పెద్దల్లో పెద్ద ఎవరో కాదు, ఆమెకు సొంత బావ, భర్తకు అన్న. ఊళ్ళో ఆడవాళ్ళంతా గొణిగారు. ఈవిడ ఒక్కతే కలెక్టరాఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చింది. పైపులు ఆగిపోయాయి. మేట మిగిలింది. ఆ మర్నాడే ఈమె మీద దురాయి పడింది.

ఆ తీరంలో కొన్ని ఊళ్ళలో పెద్దలు వేసే కట్టుబాటును దురాయి అంటారు. ఊరి మాట ఊరు దాటించినందుకు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. కొట్టరు, తిట్టరు, ఇంటి జోలికి రారు. మాట్లాడరు.

"అంతేనా?" అన్నాను, ఆమె మొదటిసారి నా ఆఫీసుకు వచ్చి ఇదంతా చెప్పినప్పుడు. ఇంకా ఏదో పెద్ద నేరం వస్తుందని పెన్ను పట్టుకుని కూర్చుని ఉన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది.

"నువ్వొక్క రోజు మాట్లాడకుండా ఉండి చూడు లాయరమ్మా. ఎంతో తెలుస్తాది."

మా గుమస్తా పక్కకు తిరిగి ఫైలు వెతికినట్టు నటించాడు. వాడి భుజాలు కదలడం నాకు కనిపిస్తూనే ఉంది.

ఆ రోజు ఆమె చెప్పినవాటిలో మేక సంగతి ఒకటి నాకు బాగా నాటుకుంది. బావ భార్య, అంటే తోడికోడలు, ఆమెకు పక్కిల్లే. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు దువ్వుకున్నవాళ్ళు. దురాయి పడ్డాక ఆ తోడికోడలు రోజూ పొద్దున్నే బయటికొచ్చి, గోడ పక్కన కట్టేసిన మేకతో మాట్లాడేదట. "ఏమే మేకా, ఈ పొద్దు కొళాయికి నీళ్ళు పదింటికి గాని రావంట. బిందె పెట్టుకో." "ఏమే మేకా, పాప సమర్తాడింది. నీకు చెప్పకుండా ఎట్టా ఉండేది?" మేకతో మాట్లాడకూడదని దురాయిలో లేదు. ఈమె గోడకు ఇవతల నిలబడి వినేది. తిరిగి జవాబు చెప్పాలంటే ఈమెకు మేక లేదు. చివరికి చీపురుతో చెప్పేదట. "చీపురమ్మా, పాపకు నేను దాచిన పట్టుగుడ్డ ఉండాది, గోడ మీద పెడతా ఉండా."

నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు పెన్ను మూత తీశాను.

కేసు మూడేళ్ళు నడిచింది. నా పద్ధతి ఒకటుంది. ఏ కాగితం రాసినా దాన్ని తెలుగులో చదివి వినిపించనిదే సంతకం తీసుకోను. మిగతా కక్షిదారులు తల ఊపి వేలిముద్ర వేసేస్తారు. ఈమె ఆపేది. "నేను ఏడ్చినానని ఎందుకు రాసినావు? నువ్వు చూసినావా?" అనేది. కొట్టేయించేది. "మా బావ దుర్మార్గుడని నేననలా. మొండోడు అన్నా. మొండోడు అని రాయి." మొండితనం ఏ సెక్షను కిందికీ రాదని నేను, రాకపోతే కొత్తది పెట్టమని ఆమె. కావలి కోర్టు ఎదురుగా టీ బంకు బల్ల మీద ఇద్దరం ఒక వాక్యం కోసం గంట సేపు కొట్టుకునేవాళ్ళం. నాతో అంతసేపు నిలబడి వాదించిన మనిషి అంతకు ముందు లేరు, ఆ తర్వాతా లేరు.

వాయిదా పదింటికంటే ఆమె ఎనిమిదింటికే వచ్చి ఆ బల్ల మీద కూర్చునేది. మొదట్లో భయం వల్ల అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఊళ్ళో వారాల తరబడి మూసుకుని ఉన్న నోరు, ఇక్కడ విప్పుకోవడానికి వచ్చేది. టీ బంకాయనతో, గుమస్తాతో, బయట జామకాయలమ్మే ముసలామెతో, చివరికి మాకు ఎదురు పార్టీ లాయరుతో కూడా మాట్లాడేది. "పొద్దున తూరుపు గాలి తోలింది లాయరమ్మా, బోట్లు ఎనక్కొచ్చేసినాయి." "నెత్తళ్ళు బాగా పడినాయి, నీకు తెచ్చినా, నీ మొగుడికి చెయ్యడం వస్తాదా, నీకైతే రాదు గదా." వాయిదా పడితే మిగతావాళ్ళు తిట్టుకుంటారు. ఈమె మాత్రం, "మళ్ళీ ఎప్పుడు?" అని తేదీని మిఠాయిలా అడిగేది.

ఒకసారి కోర్టు హాల్లో సాక్ష్యం చెబుతూ మధ్యలో ఆపి "హుష్!" అని గట్టిగా అరిచింది. కిటికీలో కాకి వాలింది. చేపలు ఎండబోసే ఆడవాళ్ళకు కాకిని చూస్తే చెయ్యి ఊరుకోదు. మేజిస్ట్రేటు ఉలిక్కిపడి తలెత్తారు. "కాకి వాలిందమ్మా... అయ్యా" అంది ఈమె తడబడి. హాలంతా నవ్వింది. ఆ రోజు మా కేసు కొంచెం బాగానే నడిచింది.

చివరికి గెలిచాం. పెద్దలంతా ఆమె మీద ఏ కట్టుబాటూ లేదని కోర్టులో రాసి సంతకాలు పెట్టారు. ఆ కాగితం నకలు తీసుకుని నేనే ఆమెతో ఆటోలో ఊరికి వెళ్ళాను. రచ్చబండ దగ్గర వాళ్ళ బావ నాకు కుర్చీ వేయించి, కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చాడు.

"మీరు గెలిచినారమ్మా. కోర్టు మాట మాకు పెద్ద మాట. ఆమెతో మాట్లాడొద్దని ఇంక మేం చెప్పం."

"సంతోషం" అన్నాను.

"మాట్లాడమని కూడా చెప్పం. నోళ్ళు వాళ్ళవి."

మొండివాడు అని రాయమన్నప్పుడు రాసి ఉండాల్సింది.

ఆ కాగితాన్ని ఆమె ఇంటి ముందు అతికించింది. ఎవరూ మాట్లాడలేదు. తను కాపాడిన ఇసుక మీదే అందరూ చేపలు ఎండబోసుకుంటున్నారు, ఈమె గంపతో వస్తే ఎవరికి వాళ్ళు అటు తిరుగుతున్నారు. మాట్లాడవద్దన్నవాడి మీద కేసు వేయవచ్చు. ఊరికే మాట్లాడనివాళ్ళ మీద ఏం వేస్తాం? ఆరు నెలలు చూసి ఆమె కావలి వచ్చేసింది. రైలు కట్ట పక్కన ఒక గది తీసుకుంది. "రైలొచ్చినప్పుడల్లా సముద్రం అనుకుంటా ఉండా. పొయినాక కాదని తెలుస్తాది" అని ఒకసారి అంది. ఆ మాటకు కూడా నేను ఏదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు, ఆమె మాటే గుర్తుంది.

ఆ రోజుల్లోనే తోడికోడలి చేత కబురొచ్చింది, ఈసారి మేక లేకుండా నేరుగానే. ఊరి ముందు నిలబడి "ఊరి మాట ఊరు దాటించింది నా తప్పే" అని ఒక్కసారి అంటే చాలు, అంతా మామూలవుతుంది. అక్క నా దగ్గరకు వచ్చి అడిగింది.

"చచ్చినా వద్దు" అన్నాను. "నువ్వు తప్పు ఒప్పుకుంటే మనం తెచ్చుకున్న ఆర్డరుకు విలువేముంది? రేపు ఇంకొక ఆడమనిషి అర్జీ ఇవ్వాలంటే ఎట్లా ఇస్తుంది?"

"ఆర్డరు నాతో మాట్లాడదు గదా లాయరమ్మా."

"నేను మాట్లాడతాను కదా."

ఆమె నవ్వి ఊరుకుంది. ఆ విషయం అక్కడితో ముగిసిందని నేననుకున్నాను. నా మాటే చివరి మాట అయిందంటే విషయం ముగిసినట్టేనని నమ్మే మనిషిని.

ఫెలోషిప్ సంగతి ఇక్కడ వస్తుంది. మానవ హక్కుల పని చేసే లాయర్లను, కార్యకర్తలను ప్రపంచం నలుమూలల నుంచి ఏరి, నాలుగు నెలలు ఒకచోట కూర్చోబెట్టి, చదివించి, ఒకరి అనుభవాలు ఒకరికి చెప్పించే ఏర్పాటు అది. హైకోర్టులో పనిచేసే ఒక స్నేహితురాలు దరఖాస్తు పంపింది. అందులో ఒక ప్రశ్న: మీ పని వల్ల ఒక మనిషి జీవితంలో ఏం మారింది? నేను అక్క కథ రాశాను. చివరి వాక్యం, "నేడు ఆమె తన ఊరిలో గౌరవంగా జీవిస్తోంది" అని.

అది రాసేటప్పటికి ఆమె రైలు కట్ట పక్కన గదిలో ఉంది. త్వరలో నిజం అవుతుంది కదా, కొంచెం ముందుగా రాస్తే తప్పేమిటి అనుకున్నాను. ప్రతి కాగితాన్నీ ఆమెకు చదివి వినిపించిన నేను ఆ ఒక్క కాగితం వినిపించలేదు. వినిపించి ఉంటే ఆ వాక్యం కొట్టేయించేది. కొట్టేయిస్తుందని తెలిసే వినిపించలేదు.

నన్ను ఎంపిక చేశారు. నేను లేకపోతే ఇల్లు ఎట్లా ఉంటుందోనని మా ఆయన్ను అడిగితే, "ప్రశాంతంగా" అన్నాడు. అక్క మాత్రం రైల్వే స్టేషనుకు వచ్చింది. కాగితంలో చుట్టి నెత్తళ్ళు తెచ్చింది. విమానంలో ఇవి తీసుకెళ్ళనివ్వరని చెబితే, "అంత దూరం మనుషుల్ని తీసుకుపొయ్యేవాళ్ళు చేపల్ని తీసుకుపోరా? నువ్వు గట్టిగా అడగలా" అంది. రైలు కదిలేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని, "నీతో ఒక మాట ఉండాది. తీరిగ్గా చెప్తా. ఫోన్లో చెప్తాలే" అంది.

నేను వెళ్ళిన ఊరి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చలి, మంచి రోడ్లు, ఉప్పు తక్కువ తిండి. పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. అందరం అక్కడక్కడ తలలు పగలగొట్టించుకుని వచ్చినవాళ్ళమే, కొందరు మాటవరసకు, కొందరు నిజంగానే. నా పక్క బల్ల ఒక కొండప్రాంతపు దేశం నుంచి వచ్చిన లాయరుది. మా కావలి ప్లీడర్లకు పూర్తిగా ఎదురు. అడిగితే గాని మాట్లాడడు, అడిగినా రెండు మాటలే.

మొదటి వారంలో నేను మేక కథ చెప్పాను. అందరూ నవ్వారు, ఆ తర్వాత నవ్వడం మానేశారు. అచ్చం నేను నవ్వి మానినట్టే. దాంతో నా కేసుకు అక్కడ పేరొచ్చింది. భోజనాల దగ్గర కూడా వచ్చి మేక గురించి అడిగేవాళ్ళు. "ఇప్పుడు ఆమె ఎట్లా ఉంది?" అంటే "బాగుంది" అనేదాన్ని.

నాకు మాత్రం అక్కడ మాట కరువయింది. ఇంగ్లీషులో వాదించడం నాకు వచ్చు, కోర్టులో అదే పని. కానీ ఇంగ్లీషులో విసుక్కోవడం, ఎకసెక్కాలాడడం, ఊరికే ఏదో అనడం రాదు. రోజుకు ఒకసారి అక్క నుంచి వాయిస్ మెసేజ్ వచ్చేది. "తిన్నావా? ఆ చలికి కాళ్ళు పగల్లేదా? టోపీ పెట్టుకోమంటే జుట్టు ఊడతాదంటావు. ఇక్కడ వాయుగుండం అంట, రేవులో ప్రమాదం జెండా ఎగరేసినారు." ఆ మెసేజ్‌ల వెనక రైలు కూత వినిపించేది. నేను వాటిని రెండుసార్లు, మూడుసార్లు వినేదాన్ని. మా ఆయన ఫోనులో చెప్పిన ఇంటి సంగతులు ఒకసారి వింటే సరిపోయేది. కావలిలో ఉన్నప్పుడు ఆమె మాటలను ఇట్లా ఆగి విన్నానా అంటే, లేదు. అప్పుడు నేను ఎప్పుడూ నా తర్వాతి వాక్యం తయారు చేసుకుంటూ ఉండేదాన్ని.

చివరి నెలలో ఒక సభ పెట్టారు. ఒక్కొక్కరూ తమ పని గురించి చెప్పాలి, తాము ఎవరి కోసం పనిచేశారో ఆ మనిషి గొంతు కూడా వినిపించాలి. నేను అక్కకు మెసేజ్ పెట్టాను. "నీకేం మేలు జరిగిందో నీ మాటల్లో రెండు నిమిషాలు చెప్పి పంపు. బాగా చెప్పు, అందరూ వింటారు."

రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు వచ్చింది. ఆమె మాట్లాడడం మొదలుపెట్టకముందే నేను మెసేజ్ ఆపేసి మళ్ళీ మొదటి నుంచి విన్నాను. వెనక రైలు లేదు. గాలి ఉంది. చేపల వేలం పాడుతున్న మగవాళ్ళ అరుపులు ఉన్నాయి. ఎవరో ఆడమనిషి చాలా దగ్గరగా, "ఒదినా, ఆ గంప ఇట్టా జరుపు మే" అంటోంది. ఇవతల అక్క, "జరుపుతా ఉండా లేవే, చేతిలో ఫోనుండాది గదా" అని కసురుతోంది. ఆ తర్వాత నాతో, "లాయరమ్మా, వింటా ఉండావా? ఊళ్ళోనే ఉండా. నువ్వు తీరిక చేసుకుని రేపు ఫోన్ చెయ్యి. పొద్దుగూకేలోపల చెయ్యి" అంది.

ఒక్క నిమిషం సంతోషించాను. ఆ వెంటనే లాయరును అయిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం, అక్కడ భోజనాల వేళ, ఫోన్ చేశాను. ఇక్కడ సాయంత్రం.

"ఏం చేశావు?" అన్నాను.

"ఊరి ముందర నిలబడినా. నా తప్పే అన్నా. అయిపాయ."

ఇక నేను ఆగలేదు. మూడేళ్ళు ఎవరు తిరిగారు కోర్టుకు అన్నాను. ఇసుక మేట ఎవరి వల్ల మిగిలింది అన్నాను. రాజ్యాంగం అన్నాను, సెక్షన్లు చెప్పాను, నీ తర్వాత వచ్చే ఆడవాళ్ళ సంగతేమిటన్నాను. మధ్యలో ఆమె, "నన్నొక మాట చెప్పనీ లాయరమ్మా" అంది. "ముందు నేను చెప్పేది విను" అన్నాను. కొంతసేపటికి మళ్ళీ, "నీతో ఒక మాట ఉండాదని చెప్పినా గదా" అంది. "ఏముంది చెప్పడానికి, చేయాల్సింది చేసేశావు" అన్నాను. మూడోసారి ఆమె నోరు తెరిచిందని గాలి శబ్దం మారడం వల్ల నాకు తెలిసింది. అప్పుడు నేను, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, "ఇన్నాళ్ళూ నీ కోసం నేను మాట్లాడింది ఇందుకా?" అన్నాను.

అవతల ఆమె గంప కింద పెట్టిన చప్పుడైంది.

"పొద్దు దిగతా ఉండాది" అంది తర్వాత. "బావ ఇంకొకటి కూడా ఒప్పించినాడు. ఊరి మాట బయటికి తీసుకుపొయిన మనిషితో మాట తెగ్గొట్టుకోవాలంట. నీతో. నేనేమో గడువు అడిగినా. ఈ పొద్దు పొద్దుగూకే దాకా ఇచ్చినారు."

"అక్కా..."

"నీ గొంతు విన్నా, చాల్లే. చలికి టోపీ పెట్టుకో. తల వెంట్రుకలు ఏం పోవు." ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేశాను. మోగింది. ఎత్తలేదు. మాట ఇస్తే తప్పే మనిషి కాదు, ఆ సంగతి మేజిస్ట్రేటు ముందు నేనే వాదించాను.

పక్క బల్ల లాయరు తన గిన్నె పక్కన పెట్టి, "ఆమె ఏమన్నది?" అని అడిగాడు. చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. అంతా విని, "ఇది నువ్వన్నది. ఆమె ఏమన్నది?" అన్నాడు. అతను నాలుగు నెలల్లో నాతో అన్న మాటల్లో పొడుగాటిది అదే. నలభై నిమిషాల ఫోనులో ఆమె మాటలన్నీ కలిపితే రెండు నిమిషాలు లేవు.

సభలో నేను రాసుకున్నది చదవలేదు. దరఖాస్తులో రాసిన చివరి వాక్యం అప్పటికి అబద్ధమని, ఇప్పుడు నిజమైందని, నిజం కావడానికి నా ఆర్డరు పనికి రాలేదని, నాతో మాట మానడం పనికి వచ్చిందని చెప్పాను. అక్క ఊళ్ళోంచి పంపిన ఆ మెసేజ్ వినిపించాను. ఒకావిడ లేచి, దీన్ని విజయం అనాలా, ఓటమి అనాలా అని అడిగింది. "మీరు ఒక ఊళ్ళో పుట్టి ఆ ఊళ్ళో ఎవరూ పలకరించకుండా ఆరు నెలలు ఉండి వచ్చి అడగండి, చెబుతాను" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. ఆ కోపం ఆవిడ మీద కాదని తర్వాత టీ దగ్గర వెళ్ళి చెప్పాను.

తిరిగి వచ్చాక నెల రోజులు అక్క ఊరి వైపు వెళ్ళలేదు. అక్కడిచ్చిన పత్రం, నలుగురితో ఫోటో, కోర్టులో బార్ రూములో శాలువా, అన్నీ అయ్యాయి. టీ బంకు బల్ల మీద కూర్చుంటే బంకాయన రెండు టీలు పెట్టబోయి ఒకటి వెనక్కి తీసుకున్నాడు. వాయిదా రోజు ఎనిమిదింటికే వెళ్ళి కూర్చోవడం నాకూ అలవాటయిందని అప్పుడు గమనించాను. ఎదురు పార్టీ లాయరు కూడా, "మీ చేపలావిడ రావడం లేదే, మాటలు లేక పొద్దు పోవడం లేదండీ" అన్నాడు.

ఈ కొత్త కట్టుబాటు మీద కూడా కేసు వేయవచ్చు. రాస్తే రెండు పేజీలు. కానీ ఆ రెండు పేజీలూ చదివి వినిపించి సంతకం తీసుకోవాల్సిన మనిషి, నాతో మాట పోయినా సరే, ఆ ఒడ్డునే ఉంటానని తేల్చుకుంది. ఆమె తేల్చుకున్నదాన్ని కొట్టేయించే హక్కు నాకు లేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. ఇసుక మేట నిండా నెత్తళ్ళు వెండి పరిచినట్టు ఉన్నాయి. ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. అక్క తన పాత మూలలోనే, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పొడుగాటి కర్రతో చేపలు తిరగేస్తోంది. కొంచెం ఒళ్ళు చేసింది. పక్కనే తోడికోడలు. నన్ను చూసి అందరూ మాటలు ఆపారు. అక్క నన్ను చూసింది, చూపు దింపుకుని చేపలు తిరగేయసాగింది.

నేను మేట అంచున నిలబడ్డాను. ఏం చేయాలో తెలియలేదు. పాతికేళ్ళలో నోరు విప్పకుండా నేను ఎక్కడా అంతసేపు నిలబడలేదు.

చేపల చివర ఒక కాకి వాలింది. తోడికోడలు "హుష్" అనబోయింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమే కాకీ" అంది అక్క, కాకినే చూస్తూ. "సముద్రాలు దాటి వచ్చినావంట. చిక్కిపొయినావే. అక్కడ తిండి పెట్టలేదా?"

ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు, ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"టోపీ పెట్టుకోమంటే పెట్టుకోనంటావు. నెత్తి చూడు, పిచ్చుక గూడు మాదిరి ఉండాది."

తోడికోడలు ఇక ఆగలేక ఫక్కున నవ్వింది. "కాకికి జవాబు చెప్పను రాదు మే" అంది, నన్ను కాదు, గంపను చూస్తూ. "లా చదివిన కాకి గదా, ఒకరు అడక్కపోయినా చెప్పేది, అడిగితే చెప్పదు."

నేను చుట్టూ చూశాను. నాకు మేకా లేదు, చీపురూ లేదు. ఆ కాకే దిక్కు. సిగ్గు పడుతూనే, "కాకీ" అన్నాను. గొంతు కోర్టులో పలికినట్టు పెద్దగా వచ్చింది, కాకి ఒక అడుగు పక్కకు వేసింది. తగ్గించాను. "కాకీ, ఆ రోజు ఫోన్లో అక్క ఒక మాట చెప్పాలని చూసింది. నేను చెప్పనివ్వలేదు. ఆ మాటేమిటో నీకు తెలుసా? ఈసారి మధ్యలో మాట్లాడను."

అక్క కర్ర ఆపింది. తలెత్తి కాకి వైపు తిరిగింది, నోరు తెరిచింది. అంతలో రేవులో ఏదో బోటు ఇంజన్ పటపటా మోగింది. కాకి ఎగిరి నీళ్ళ మీదుగా వెళ్ళిపోయింది.

ఎవరూ నవ్వలేదు. మేమిద్దరం ఆ ఖాళీ ఇసుకను చూస్తూ నిలబడ్డాం. చెప్పడానికి ఉన్నా చెప్పను, మాట ఇచ్చాను.

కొంతసేపటికి అక్క వంగి గంపలో వెతికింది. ఒక చేప తలకాయ తీసింది. జీవితమంతా కాకుల్ని తోలిన ఆ చేత్తోనే దాన్ని మా ఇద్దరి మధ్య ఇసుక మీదకు విసిరింది.